జాజు రాలే దాకా

నన్ను కన్న మా అవ్వ శంకరవ్వ పామును పాము అనేది కాదు, పురుగు అనేది. పేరెత్తితే వస్తుందని ఆమె భయం. చిన్నప్పుడు ఆమెను ఏడిపించడానికి ‘పాము, పాము’ అని పాట కట్టి ఇల్లంతా తిరిగేవాణ్ని. వీపు మీద చీపురుకట్ట విరిగితే గానీ ఆపేవాణ్ని కాదు. పెద్దయ్యాక ఆ భయం నాకూ పట్టుకుంది. కాకపోతే నేను పేరెత్తడానికి భయపడింది పామును కాదు.

నా పేరు కైలాసం. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటాం. నేను నాలుగు సాంచెలు నడుపుతాను. పదో తరగతి దాకా చదివాను కాబట్టి రాయడం వచ్చు. మాట్లాడాల్సిన చోట మాత్రం నోరు రాదు. ఊరికే ఉన్నప్పుడు లొడలొడా వాగే నోరు, అక్కరకొచ్చిన నాడు అంగిలికి అతుక్కుపోతుంది.

ఎనభై ఒకటిలో కనకవ్వతో పెళ్లయింది. ఆరు నెలలు తిరగకముందే సాంచెల పనికి బొంబాయి దగ్గరి భీవండి బండెక్కాను. మా వాడలో సగం మంది మగవాళ్లు అక్కడే ఉండేవాళ్లు. ఒక్క గదిలో పద్దెనిమిది మందిమి. పగటి డ్యూటీ వాళ్లు లేచిన చాపల మీద రాత్రి డ్యూటీ వాళ్లం నడుం వాల్చేవాళ్లం, చాప చల్లారేది కాదు. వారానికో సెలవు. ఆ సెలవు నాడు కొందరు సినిమాకు పోయేవాళ్లు, కొందరు ఇంకో గల్లీకి పోయేవాళ్లు. నేను రెండు చోట్లకూ పోయాను. ఇంతకంటే అందంగా చెప్పడం నాకు చేతకాదు, చెబితే అబద్ధమవుతుంది.

ఎనభై మూడు శ్రావణంలో నాకు జ్వరం వచ్చింది. ఎడమ తొడ పైభాగాన, మర్మస్థానం చుట్టూ నీటి గింజలు లేచాయి. అక్కడి కాంపౌండరు ఏదో పూతమందు ఇచ్చి, ఎండే దాకా పెళ్లాం దగ్గరికి పోవద్దన్నాడు. పెళ్లాం సిరిసిల్లలో ఉందని చెప్పి నవ్వాను. పదిహేను రోజులకు గింజలు ఎండి రాలిపోయాయి. మచ్చ కూడా మిగల్లేదు. పైన కనిపించనిది లోపల లేదనుకున్నాను, నా చదువు అంతవరకే.

బతుకమ్మ పండుగకు ఇంటికొచ్చాను. హోలీకి నేనొచ్చి పోయినప్పటి కడుపు, కనకవ్వకు ఎనిమిదో నెల. ఆమెకు తల్లి లేదు, అందుకని తొలి కానుపు మా ఇంట్లోనే అనుకున్నాం. నేనొచ్చిన పది రోజులకు ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. గజ్జల్లో బిళ్లలు కట్టాయి. మూత్రానికి పోవాలంటే గోడ పట్టుకొని ఏడ్చేది. నడుము కింది నుంచి తొడ లోపలి దాకా గింజలు. అవి నేను చూసిన గింజలే.

అవ్వ చూసి సర్పి అంది. సర్పి అంటే పాము శాపం వల్ల ఒంటి మీద పాములాగా పాకే పొక్కులు. శాపానికి కారణం కూడా అవ్వ దగ్గర తయారుగా ఉంది. నా చిన్నప్పుడు మా ఇంట్లో గుంటమగ్గం ఉండేది. ఒకనాడు ఆ గుంటలోకి నాగుపాము దిగితే మా బాపు కాలితోనే తొక్కి చంపాడట. అది ఇప్పుడు కోడలి మీద పగ తీర్చుకుంటోంది అని అవ్వ లెక్క. చచ్చిపోయిన బాపు మీదికి పోయింది నేరం. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ పీల్చుకున్నాను.

సర్పికి మందు వేసేది ఐలవ్వ. మా వెనక వాడలో ఉండే ముసలామె. గోడలకు పూసే ఎర్రమన్ను, అదే జాజు, నీళ్లలో అరగదీసి వేలితో పొక్కుల చుట్టూ గీత గీస్తుంది. పాము తల, తోక కలిస్తే మనిషి దక్కడని నమ్మకం. అవి కలవకుండా ఆ గీత అడ్డం. గీసిన తర్వాత జాజు తనంత తాను రాలే దాకా నీళ్లు తగలొద్దు, ఎవరికీ చూపొద్దు, రోగం పేరు నోట రావొద్దు. పేరెత్తితే గీత తెగి పురుగు లోపలికి పోతుందంటారు.

జాజు ఇంకా రాలనే లేదు, కనకవ్వకు నొప్పులొచ్చాయి. ఇంట్లోనే మంత్రసాని చేతుల్లో కొడుకు పుట్టాడు. నెల తక్కువైనా గట్టిగా ఏడ్చాడు. మా అవ్వ వాడికి బాపు ముక్కు వచ్చిందని వాడంతా చెప్పుకొచ్చింది.

ఆరో రోజు పొద్దున నీళ్లు పోస్తుంటే వాడి నడినెత్తిన నాలుగు గింజలు కనిపించాయి. ఆవగింజలంత, లోపల నీరు, చుట్టూ ఎరుపు. ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందంటే చెప్పలేను, నా వస్తువును నేను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాను. అవ్వ వాణ్ని ఐలవ్వ ఇంటికి ఎత్తుకుపోయింది. పిడికెడంత తల మీద ఎర్రగా జాజు పూసుకొని తిరిగొచ్చాడు. దవాఖానకు పోదామని నోటి చివరిదాకా వచ్చింది. పోతే డాక్టరు అడుగుతాడు, అడిగితే చెప్పాలి. గుమ్మంలో నిలబడి, వాడి తలనే చూస్తూ ఊరుకున్నాను.

పదకొండో రోజు పాలు పట్టడం మానేశాడు. పన్నెండో రోజు ఫిట్స్ వచ్చాయి, చిన్న పిడికిళ్లు బిగించి గిలగిల్లాడాడు. పదమూడో రోజు మధ్యాహ్నం పోయాడు. ఇరవై ఒకటో రోజు పేరు పెడదామనుకున్నాం. జాజు తలతోనే పూడ్చాను.

తిరిగి భీవండి పోలేదు. ఇక్కడే సాంచెల మీద చేరాను. పాము శాపం తీరాలని అవ్వ కనకవ్వకు మొక్కు పెట్టింది. ప్రతి పంచమికి చెప్పుల్లేకుండా చెరువు వెనక పుట్ట దాకా నడిచి పాలు పోయాలి. కోడిగుడ్డు ముట్టొద్దు. కనకవ్వ కిక్కురుమనకుండా చేసింది. నేను పొద్దున్నే పాలు తెచ్చి ఇత్తడి గిన్నెలో పోసి ఆమె చేతికి అందించేవాణ్ని. మంచి మొగుడని మా వాడ ఆడవాళ్లు మెచ్చుకునేవాళ్లు.

అది మాత్రం పోలేదు. రెండు మూడు నెలలకొకసారి, సాంచెల ముందు నిలబడి ఉన్నప్పుడు, ఎడమ తొడలో చీమ నడిచినట్టు ఉండేది. గోకితే పైన ఏమీ ఉండదు, చీమ లోపల నడుస్తుంది. మరునాటికి అదే చోట, అరంగుళం అటూ ఇటూ కాకుండా, గింజలు లేచేవి. చీమ నడిచిన రోజు నా ముక్కుకు తడి జాజు వాసన కొట్టేది. ఇంట్లో ఎక్కడా జాజు లేకపోయినా కొట్టేది. సాంచెల చప్పుడు మధ్యలో సన్నగా ఏడుపు వినిపించేది. పోగు తెగిందేమోనని ఆపి చూసేవాణ్ని. ఆపితే ఏమీ వినపడేది కాదు. కనకవ్వకూ అలాగే తిరగబెట్టేది. శాపం ఇంకా తీరలేదని అవ్వ మొక్కు పొడిగించేది.

ఎనభై ఆరులో కనకవ్వకు మళ్లీ నెల తప్పింది. ఏడో నెలలో, ఈసారి కరీంనగర్‌లో డాక్టరు దగ్గర చూపిస్తానని పట్టుబట్టాను. నా జన్మలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి, మిగతావి గుర్తు లేవు. డాక్టరు సరళాదేవి పెద్ద దొరల ఇంటి బిడ్డ. మాట కటువు, చెయ్యి మెత్తన. మొదటి బిడ్డ ఎలా పోయాడని కనకవ్వను అడిగింది. నెత్తిన గింజలు, తర్వాత ఫిట్స్ అని కనకవ్వ చెప్పగానే డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. నీకెప్పుడైనా కింద పుండ్లు లేచాయా అని అడిగింది. కనకవ్వ తల అడ్డంగా ఊపింది. పేరెత్తొద్దు కదా.

ఆమెను బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచింది. అదే ప్రశ్న నన్ను అడిగింది.

“లేదు డాక్టరమ్మా,” అన్నాను.

చాలాసేపు నా ముఖం చూసింది. నాలాంటి అబద్ధాలకోర్లను ఎంతమందిని చూసిందో. తిట్టలేదు. సరే, లేకపోతే మంచిదే, అయినా విను అని కూర్చోమంది.

నడుము దగ్గర వెన్నెముక పక్కన నరాల ముడులు ఉంటాయట. పైన పుండు మానేలోపే ఆ రోగపు క్రిమి నరం పట్టుకొని పాకి, ఆ ముడిలో పడుకుంటుందట. రోగాలతో కొట్లాడే కణాలు ఒంట్లో ఉంటాయి, అవి వెంబడించి వచ్చి ముడి చుట్టూ చేరతాయి. కానీ చంపవు. ఎందుకు చంపవని అడిగాను. లేదు అన్నవాడికి ఆ ప్రశ్న ఎందుకో ఆమె అడగలేదు.

“అది పండుకున్నది నరంల. దాన్ని చంపాల్నంటే నరాన్ని చంపాలె. పోగు తెగితే నువ్వు ముడేస్తవు కైలాసం. నరం సస్తే ముడేసేటోడు లేడు. అందుకనే అవి చంపకుండ సుట్టూ కూసొని కావలి గాస్తయి. అది బతికున్నన్ని రోజులు గాస్తనే ఉంటయి,” అంది.

ఈ సంగతి పెద్ద పెద్ద డాక్టర్లే ఇప్పుడిప్పుడు తెలుసుకుంటున్నారని, తనకూ అంతా తెలియదని కూడా చెప్పింది. జ్వరం వచ్చినా, తిండి తప్పినా, దిగులు పట్టినా ఆ కావలి సడలుతుంది. కడుపుతో ఉన్నప్పుడైతే ఒళ్లే ఆ కావలిని కొంచెం తగ్గిస్తుందట, లోపలి బిడ్డను పరాయిదనుకొని మీద పడకుండా. అప్పుడు క్రిమి లేచి, ఎక్కిన నరం మీదుగానే దిగి, మొదటి చోటికే వస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు ఆ కావలి ఇంకా కుదరదు. పుండ్లు లేచిన దారిలో బిడ్డ బయటికొస్తే, ఆపేవాళ్లు లేక అది మెదడు దాకా పోతుంది. దానికి మందు ఉందిగానీ ఇక్కడ దొరకదు అంది.

“నొప్పుల నాడు ఆమెకు పుండ్లుంటే నాకు ముందుగాల చెప్పాలె. కడుపు కోసి పైనుంచి తీస్త. చెప్పకపోతే నేను దేవున్ని గాదు,” అంది.

రెండు నెలలు ఆ మాటలు మోసుకు తిరిగాను. కనకవ్వ పక్కన పడుకొని ఆమె వెన్నెముక వైపు చూసేవాణ్ని. అక్కడ ఒక ముడి, ముడిలో అది, చుట్టూ కావలి. దాన్ని అక్కడ పెట్టింది నేను. రోజూ చెబుదామనుకునేవాణ్ని. ఆమెకు పుండ్లు లేవకపోతే చెప్పే పనే ఉండదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ని.

నెలలు నిండిన వారంలో, ఒక మంగళవారం, నా తొడలో చీమ నడిచింది. దిగులుకు నా కావలి సడలినట్టుంది. బుధవారం మధ్యాహ్నం కరెంటు పోతే అన్నానికి ఇంటికొచ్చాను. కనకవ్వ ఒంగి నీళ్లు ముంచుతుంటే నడుము దగ్గర చీర జరిగింది. ఎర్రగా తడి జాజు. పొద్దున అవ్వ ఆమెను ఐలవ్వ దగ్గరికి తీసుకుపోయిందట. అన్నం తినకుండా ఐలవ్వ ఇంటికి పోయాను.

ఆమె గడప మీద కూర్చొని జాజు రాయి కడుగుతోంది. కనకవ్వకు ఎట్లుంది అని అడగలేదు, ఎందుకొచ్చినవని అడగలేదు.

“సర్పి ఒక్కపాలి లేస్తది, పోతది. గదే జాగల మల్ల మల్ల లేసేది సర్పి గాదు కొడుకా. మూడేండ్ల సంది గీస్తున్న, నా యేలికి ఎరుకలేదా?” అంది. రాయి పక్కన పెట్టి నన్ను పై నుంచి కింది దాకా చూసింది. “నీ మీద గూడ గీయాల్నా?”

అక్కడే మట్టిలో కూర్చున్నాను. మరి మా అవ్వకు ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగడానికి మాత్రం నోరొచ్చింది చూడండి.

“నేను గీసేదాన్ని. చెప్పేటోనివి నువ్వు,” అని లోపలికి పోయింది.

మరునాడు పొద్దున పదింటికి కనకవ్వకు నొప్పులు మొదలయ్యాయి. జీపు మాట్లాడుకొని కరీంనగర్ బయల్దేరాం. దారి పొడుగునా అవ్వ ఒక చేత్తో కోడలి తల, ఇంకో చేత్తో నా మణికట్టు పట్టుకుంది. నేను డాక్టరమ్మతో ఏదో చెప్పబోతున్నానని ఆమెకు ఎలా తెలిసిందో. జాజు తడి ఆరలేదని, ఇప్పుడు పేరెత్తితే గీత తెగుతుందని నా చెవిలో చెబుతూనే ఉంది.

“రాలే దాకా ఊకో కొడుకా. గిదన్న దక్కాలె,” అంది. ఏడుస్తోంది. ఆమె కూడా నా బిడ్డ బతకాలనే ఏడుస్తోంది.

నర్సు కనకవ్వను చక్రాల మంచం మీద పడుకోబెట్టి, నడుముకు ఈ ఎర్రమన్ను ఏందని అడిగింది. దిష్టికి అంది అవ్వ. నర్సు సరేనని కానుపు గది వైపు మంచం తోసింది. తలుపు దగ్గర డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది. నాలుగు అడుగులు. ఆ నాలుగు అడుగులు దాటితే ఇంక చెప్పే పని ఉండదు. తడి జాజు వాసన గుప్పుమంది. ఈసారి నిజంగానే జాజు ఉంది. ఆ వాసన వెనకాలే పిడికెడంత తల కనిపించింది. మంచానికి అడ్డం నిలబడ్డాను.

“ఆ జాజు కింద పుండ్లున్నయి డాక్టరమ్మా. నిన్న లేసినయి. గప్పుడు నేను అబద్ధం చెప్పిన. భీవండిల నాకు అంటినయి. నాతోని ఆమెకొచ్చినయి.”

అవ్వ చెయ్యి నా మణికట్టు మీది నుంచి జారిపోయింది. కనకవ్వ నొప్పి మధ్యలో తల తిప్పి నన్ను చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. డాక్టరమ్మ మంచాన్ని ఆపరేషన్ గది వైపు తిప్పించింది. నాతో సంతకం పెట్టించుకున్నారు.

ఆడపిల్ల. పదిహేను రోజులు ఇద్దరినీ అక్కడే ఉంచారు. రోజూ పొద్దున డాక్టరమ్మ బిడ్డ నెత్తిన వెంట్రుకలు పాయలు తీసి వెతికేది. ఆమె వెనక నిలబడి నేనూ వెతికేవాణ్ని. ఆరో రోజు నాకు అన్నం సహించలేదు. పదమూడో రోజు నీళ్లు కూడా దిగలేదు. ఏమీ లేవలేదు. పదిహేనో రోజు డాక్టరమ్మ ఇంక ఇంటికి పొమ్మంది.

అన్ని రోజులూ కనకవ్వ నాతో మాట్లాడలేదు. అవ్వ కూడా అంతే, గోడ వైపు తిరిగి కూర్చునేది. ఇంటికొచ్చిన నాడు అవ్వ బయటికి పోయాక, కనకవ్వ బిడ్డకు పాలిస్తూ నా వైపు చూడకుండా అడిగింది.

“వాని నెత్తికి జాజు పెట్టిననాడు గూడ నీకు ఎరుకేనా?”

లేదు అనొచ్చు. ఆ రోజు నాకు తెలుసని ఆమెకు చెప్పేవాళ్లు ఈ లోకంలో ఎవరూ లేరు.

“ఎరుకే,” అన్నాను.

కనకవ్వ బిడ్డను రెండో రొమ్ముకు మార్చుకుంది.

“మూడేండ్లు పుట్టల పాలు పోసిన. మామ పామును చంపబట్టే నా కొడుకు పోయిండని ఆ సచ్చిన మనిషిని తిట్టుకున్న. ఎండల కాళ్లు కాలుకుంట పోయిన.” అప్పుడు నా వైపు చూసింది. “నువ్వు నా చేతికి గిన్నె అందిచ్చినవు.”

ఆ తర్వాత ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. పదకొండేళ్లయింది. అవ్వ పోయింది, ఐలవ్వ పోయింది. నా సాంచెలు ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాయి. మా బిడ్డ రజిత ఆరో తరగతి చదువుతోంది, ఇంటికి పెత్తనమంతా దానిదే. కనకవ్వ వండి పెడుతుంది, ఇంటి సంగతులు మాట్లాడుతుంది, ఒక్కోసారి నవ్వుతుంది కూడా. పంచమికి పుట్టకు పోవడం మానేసింది. ఆ ఇత్తడి గిన్నెను తోమి నా సాంచెల ఎదుటి గూట్లో బోర్లించి పెట్టింది. తీయమని నేను అడగలేదు.

మొన్న మళ్లీ చీమ నడిచింది. ఇప్పుడు దాచను. అన్నం తింటూ, లేసేటట్టుంది అని చెప్పాను. కనకవ్వ తలూపి నా చాప వేరుగా వేసింది. పడుకుంటే సన్నగా ఏడుపు వినిపించింది. సాంచెలు ఆగి ఉన్నాయి, పోగు తెగిందని అనుకోవడానికి కూడా లేదు. ఇన్నేళ్లకు నాకు నోరొచ్చింది కదా, పిలుద్దామనుకున్నాను. వాడికి మేం పేరే పెట్టలేదు.